ఏ తరగతండీ మీరు?

పోయిన మంగళవారం పొద్దున్నే అమ్మ హాస్టల్‌కు ఫోన్ చేసింది. "సారు పోయిండు బిడ్డా. నిద్రలనే పోయిండు. నువ్వు రా" అని పెట్టేసింది.

మా గల్లీలో సార్ అంటే ఒక్కరే. ఆయన పంతులు కాదు. కోస్తా నుంచి వచ్చి, కంచన్‌బాగ్‌లో ఆఫీసు ఉద్యోగం చేసి రిటైరయ్యారు. భార్య పోయాక మా ఇంటికి కాస్త అవతల ఒక మేడ మీద ఒంటరిగా ఉండేవారు. ఆయన్ని సార్ అనడం మేము మొదలుపెట్టింది వరద తర్వాతే.

ఆ వాన గురించి పాతబస్తీ వాళ్లకు చెప్పనక్కర్లేదు. ఎగువ చెరువుకు గండి పడి, నీళ్లు చూస్తుండగానే మా కిటికీల దాకా లేచాయి. మమ్మల్ని ఒక ఫంక్షన్ హాలుకు చేర్చారు. పెళ్లిళ్లకు పరిచే ఎర్ర తివాచీ మీద, చీరలు అడ్డం కట్టుకుని కుటుంబాలన్నీ సర్దుకున్నాయి. నేనప్పుడు తొమ్మిదో తరగతి. నా పుస్తకాలు ఇంట్లో బురదలో ఉన్నాయి. బడి నిండా నీళ్లే.

హాలుకు చాలామంది వచ్చేవారు. అన్నం పొట్లాలు, దుప్పట్లు, మందులు తెచ్చేవారు. తిన్నారా, జ్వరాలేమైనా ఉన్నాయా అని అడిగేవారు. ఈయన మాత్రం ప్యాంటు మోకాళ్ల దాకా మడుచుకుని వచ్చి, పిల్లల ముందు గొంతుక్కూర్చుని, "ఏ తరగతండీ మీరు?" అని అడిగారు. ఒకటో తరగతి పిల్లాణ్ని కూడా "అండీ" అనేసరికి పిల్లలు పడీపడీ నవ్వారు. ఆ హాల్లో నేను విన్న మొదటి నవ్వు అదే.

అప్పటికే అమ్మ నన్ను జహీరాబాద్‌లో చిన్నమ్మ ఇంటికి పంపాలని నిశ్చయించుకుంది. అక్కడ పనిలో సాయంగా ఉంటానని. ఆ మాటే ఆయనకు చెప్పింది.

"ఎన్నాళ్లమ్మా?"

"ఒక్క ఏడాది సార్. ఇల్లు సగం కూలిపాయె. గిప్పుడు బడి ఫికర్ ఎవలికున్నది?"

ఆయన అమ్మ ఎదురుగా తివాచీ మీద కూర్చున్నారు. "మా ఊరికి తుఫాను వచ్చినప్పుడు నేను చిన్నవాణ్నమ్మా. మా అక్క నాకంటే బాగా చదివేది. ఒక్క ఏడాది ఇంట్లో ఉండు అన్నారు మా నాన్న. ఆవిడకి డెబ్బై దాటాయి. ఆ ఏడాది ఇంకా అయిపోలేదు."

అమ్మ కళ్లు తుడుచుకుంది గాని తగ్గలేదు. "మరి ఏడికి పంపాలె సార్? పుస్తకాల్లేవు, బట్టల్లేవు, బడే లేకపాయె!"

"రేపు మా ఇంటికి పంపండి. ఎల్లుండి సంగతి రేపు చూద్దాం."

ఒక్క రోజేగా అని అమ్మ ఒప్పుకుంది. మర్నాడు ఆయన ఇంటి ముందు గదిలో సోఫాలు గోడకు చేరాయి. హాల్లోని పిల్లలకు చాపలు పడ్డాయి. లెక్కలు బాగా చెప్పేవారు. హిందీ దగ్గర మాత్రం చేతులెత్తేసి, మాతోపాటు కూర్చుని నేర్చుకునేవారు. బురదలోంచి తీసిన మా పుస్తకాల్ని డాబా మీద ఆరబెట్టి, అంటుకున్న కాగితాల్ని ఒక్కొక్కటే విడదీసేవారు. చాలా చినిగిపోయేవి. "పోనీలే, ఈ పాఠం ఇంకొకళ్ల దాంట్లో ఉంటుంది" అనేవారు.

తర్వాత మమ్మల్ని వరద నీళ్లు రాని పేటలో ఉన్న ఇంకో బడికి తీసుకెళ్లారు. అక్కడి పెద్ద టీచరు టీసీలు అడిగింది.

"టీసీలు వరదలో పోయాయండీ. పిల్లలు మిగిలారు" అన్నారు సార్.

ఆవిడ మమ్మల్ని చూసి, ఇంకేమీ అడక్కుండా వెనక బెంచీలు ఖాళీ చేయించింది. మా బడి తెరిచేదాకా రోజూ ఆయనే మమ్మల్ని నడిపించుకుపోయారు. దారిలో మురికినీటి మోరీల మూతలు కొట్టుకుపోయాయి. ఆయన ముందు నడుస్తూ, గొడుగు మొనతో నీళ్లలో పొడిచి చూసి, "రండి" అన్నాకే మేము అడుగు వేసేవాళ్లం.

అందరూ రాలేదు. బడిలో నా పక్కన కూర్చునే షబానా వాళ్లు హాలు నుంచే బీదర్ వైపు వెళ్లిపోయారు. వాళ్ల ఫోన్ కలవలేదు. పత్తర్‌గట్టిలో వాళ్ల నాన్న పనిచేసిన బట్టల దుకాణానికి సార్ ఎన్నోసార్లు వెళ్లి అడిగారు. జాడ తెలియలేదు. మొన్న నేను సెలవులకు వచ్చినప్పుడు కూడా, "షబానా కబురేమైనా తెలిసిందా అండీ?" అని అడిగారు నన్ను.

పది పాసైన రోజు నేను మిఠాయి తీసుకుని వెళ్లి ఆయన కాళ్లకు మొక్కబోతే, వెనక్కి జరిగారు. "నాకెందుకండీ? ఇల్లు కూలి ఉన్నప్పుడు కూడా ఒప్పుకున్నది మీ అమ్మ. ఆవిడకు మొక్కండి" అన్నారు. ఇంటికి వచ్చి అమ్మకు మొక్కాను. ఏమైందే నీకు అని కంగారుపడింది.

మంగళవారం నేను హాస్టల్ నుంచి చేరేసరికి విజయవాడ నుంచి ఆయన కూతురు కూడా వచ్చింది. బుధవారం పొద్దున సార్‌ను వ్యాన్‌లోకి ఎక్కించారు. గల్లీ ఇరుకు. సరిగ్గా అప్పుడే ఎదురుగా బడి పిల్లలు వచ్చారు. ఎవరో పెద్దాయన, "ఏయ్, ఆగుండ్రి, వ్యాన్ పోనీయుండ్రి" అని చేతులు చాపి ఆపాడు.

కూతురు వ్యాన్‌లోంచి తల బయటపెట్టింది. "వద్దండీ. ముందు వాళ్లని వెళ్లనివ్వండి. బడికి టైమవుతుంది."

డ్రైవరు ఇంజిన్ ఆపేశాడు. పిల్లలు వీపున సంచులతో, ఒకరి వెనక ఒకరుగా, వ్యాన్‌కీ గోడకీ మధ్యనుంచి పక్కకు తిరిగి నడుచుకుంటూ వెళ్లారు. ఆఖరి పాప మలుపు తిరిగేదాకా ఎవరూ కదల్లేదు.