మంచం దిగని పిల్ల

బుల్లీ, ఓలే బుల్లీ.

ఒక్క పిలుపుకి నువ్వెప్పుడూ పలకలేదు. రెండో పిలుపుకి "ఏటే అమ్మా, సెవుడొచ్చిందనుకున్నావా?" అని లోపల్నుంచి అరిచేదానివి. అందుకే రెండుసార్లు పిలిచి మొదలుపెట్టాను.

ఇది చదివేవాళ్ళకి చెప్తున్నాను. బుల్లి అంటే నా కూతురు. ఒక్కతే కూతురు. అది చనిపోయిందన్న కబురు నాకు పత్తి చేలో తెలిసింది. విజయనగరం ఆసుపత్రిలో దాన్ని మంచం మీద వదిలి ముందురోజు సాయంత్రమే నేను బస్సెక్కి ఊరికి వచ్చేశాను. తుఫాను వస్తుందని చెప్పారు. విచ్చిన పత్తి తడిస్తే నల్లబడిపోతుంది. "రగతం ఎక్కించారు కదే, బాగానే ఉన్నాను. ఎల్లి పత్తి తీసుకో, రేపు మద్దేన్నానికి వచ్చీ" అని అదే అంది. అది వెళ్ళమంటే వెళ్ళానని చాలామందికి చెప్పాను. నిజానికి అది ఆ మాట అనేసరికే నా చెయ్యి సంచి మీద ఉంది.

పొద్దున్న ఎనిమిది గంటలకి అల్లుడు ఫోను చేశాడు. మా ఆయన ఎత్తాడు. విన్నాడు. నా ఒడిలో అప్పటిదాకా తీసిన పత్తి ఉంది. ఫోను తెచ్చి ఆ పత్తి మీద పెట్టి గట్టు మీద కూర్చుండిపోయాడు. పత్తిలోంచి అల్లుడి ఏడుపు వినబడింది. ఆరో నెల కడుపు. బిడ్డా దక్కలేదు, అదీ దక్కలేదు.

మాది గజపతినగరం దాటి లోపలికి వెళ్ళే ఊరు. రెండెకరాల మెట్ట. నేను ఐదో తరగతితో మానేశాను. మా ఇంట్లో అక్షరం గట్టిగా వచ్చింది దానికే, పదో తరగతి పాసయింది. బడి లేని రోజుల్లో మాతో కలుపు తీయడానికి వచ్చేది. పదిమంది ఆడవాళ్ళం వరసల్లో కూర్చుని తీసేవాళ్ళం. అది కలుపు తీసేది తక్కువ, కూర ఏరేది ఎక్కువ. గునుగు ఆకు, తోటకూర, ఏది కనబడితే అది ఓణీ చెంగులో మూట కట్టేది. "కూలికొచ్చావా, కూరకొచ్చావా?" అని పక్కావిడ దెప్పితే, "నువ్వు కలుపు తియ్యి పిన్నీ, నాను కూర తీస్తాను. సేనుకి ఇద్దరమూ కావాలి" అనేది.

మధ్యాహ్నం అందరం గట్టు మీద చోడి అంబలి, అదే రాగంబలి, తాగేవాళ్ళం. దానికో అలవాటు ఉండేది. అన్నమైనా సరే, అంబలైనా సరే, ఆఖరి ముద్ద, ఆఖరి గుక్క తను తినేది కాదు. పక్కన ఎవరుంటే వాళ్ళ నోటి దగ్గర పెట్టేది. "ఆకరి ముద్ద పక్కోలకెడితే ఆ ఏడు సేను ఎండదంట" అనేది.

"ఎవరు సెప్పారే ఆ మాట?" అని అడిగాను.

"నానే సెప్పాను. సాలదేటి?"

తర్వాత మా వైపుకి కొత్త పత్తి గింజ వచ్చింది. ఊళ్ళోకి తెచ్చి చాటుగా అమ్మేవాడు ఒకాయన, బిల్లు ఉండదు. గింజ లోపల ఏదో మార్చారట, అందుకని గడ్డిమందు నేరుగా మొక్క మీదే కొట్టినా పత్తికి ఏమీ కాదు, చుట్టూ ఉన్న గడ్డి మాత్రం చస్తుంది. కలుపు తీసేవాళ్ళు దొరక్క చస్తున్నాం గనక మేం సంబరపడ్డాం. నేనే ఎక్కువ సంబరపడ్డాను, నడుం మిగిలిందని. మందు కొట్టిన వారానికి చేలో గడ్డి కాల్చినట్టు ఎర్రబడింది. గడ్డితో పాటు గునుగూ పోయింది. బుల్లి చేను చివర నిలబడి చూసి, "ఇంక కూర సంతలో కొనుక్కోవాల్నేటి?" అంది. మేం నవ్వాం.

దాన్ని చీపురుపల్లి వైపు ఇచ్చాం. మేనరికం కాదు. అల్లుడు మంచివాడు. మొదటి కడుపు నాలుగో నెలలో పోయింది. కబురు విని వెళ్ళి నేను దాని తల నిమరలేదు. "బస్సులెక్కి తిరిగావు, మెట్లెక్కి తిరిగావు, నీ అజాగ్రత్తే" అన్నాను. అత్తగారు కూడా అనని మాట అది. వియ్యపురాలే నన్ను పక్కకి లాగి, "ఊరుకో వదినా, దాని మొహం సూడు" అంది. నేను చూడలేదు. పైగా అమ్మవారికి మొక్కి, దానిచేత వారానికి రెండు ఒక్కపొద్దులు పట్టించాను. ఆ రెండు రోజులూ ఒక్క పూటే అన్నం. మళ్ళీ కడుపు నిలిచాక కూడా మానెయ్యనివ్వలేదు. మధ్యలో మానేస్తే అమ్మవారికి కోపం వస్తుందని నా భయం.

రెండోసారి కడుపు నిలిచాక, మూడో నెలలో దాన్ని మా ఇంటికి తెచ్చుకున్నాం. జాగ్రత్తగా చూసుకుంటానని వియ్యపురాలికి చెయ్యి వేసి చెప్పాను. పుట్టింటికి వచ్చిన కడుపుతో ఉన్న పిల్లచేత పని చేయిస్తే ఆ ఇంటి మర్యాద ఏమవుతుందో మా వైపు అందరికీ తెలుసు. నేనూ చేయించాలనుకోలేదు. అదే కాలంలో చేలో గడ్డి మొలిచింది. మా ఆయన ఒక్కడూ ట్యాంకు వీపున కట్టుకుని కొట్టాలి. నీళ్ళు మొయ్యాలి, మందు కొలవాలి. డబ్బా మూత మీద గీతలుంటాయి, ఏ గీత దాకా పొయ్యాలో నాకు తెలీదు. గట్టు మీద కూర్చున్న బుల్లి లేచి వచ్చి మూత అందుకుంది. మానిపించకపోగా మురిసిపోయాను. "సదువుకున్న గుంట కొలిస్తే తేడా రాదు" అని పక్క చేను వాళ్ళకి వినబడేలా అన్నాను.

మూతలో మందు పోసి, బిందెలో కలిపి, తన పాత ఓణీ గుడ్డలోంచి వడకట్టి ట్యాంకులో పోసేది. ఆ గుడ్డ చేత్తోనే పిండేది. మా ఆయన మూతికి తువ్వాలు చుట్టుకుని అటూ ఇటూ తిరుగుతుంటే, "సూడవే అమ్మా, నాన్న మందు కొడతన్నాడా, పెళ్ళోరి మీద పన్నీరు సల్లుతన్నాడా!" అని పడీ పడీ నవ్వేది. గాలి మా వైపు తిరిగితే చెంగు అడ్డం పెట్టుకునేది. ఆ చేతులతోనే అంబలి గిన్నె అందుకునేది.

నాలుగో నెల నిండాక విజయనగరం తీసుకెళ్ళాను. డాక్టరమ్మ మెత్తగా మాట్లాడే మనిషి. దాని కనురెప్ప కిందికి లాగి చూసి, రక్తం తక్కువగా ఉందంది. నా వైపు తిరిగి అడిగింది.

"ఏం పని చేస్తుందమ్మా?"

"ఏ పనీ నేదమ్మా. పుట్టింటికొచ్చిన పిల్ల. మంచం దిగనివ్వం."

"పొలంలో మందులూ, గడ్డిమందూ లాంటివి ముట్టుకుంటుందా?"

"ఓలమ్మ, గుమ్మమే దాటదు."

"సరిగ్గా తింటుందా? ఉపవాసాలేమైనా ఉన్నాయా?"

"మూడు పూటలా తింటాదమ్మా."

మూడు ప్రశ్నలకి మూడు అబద్ధాలు. ఎందుకు చెప్పానంటే, ఆ గదిలో ఇంకా నలుగురు ఆడవాళ్ళున్నారు. కడుపుతో ఉన్న కూతురిచేత చాకిరీ చేయిస్తోందని అనుకుంటారని. ఆ నలుగురు ఎవరో నాకు తెలీదు, మళ్ళీ వాళ్ళని చూసిందీ లేదు. నా కూతురు మందు గుడ్డ పిండిన తన చేతులు రెండూ మెల్లిగా పైట కింద పెట్టుకుంది. డాక్టరమ్మకి కనబడకుండా. నా మాట పోకుండా.

తిరుగు బస్సులో నిలబడాల్సి వచ్చింది. అది నా చెవిలో, "మంచం దిగని పిల్లకి సీటైనా ఇప్పించవే" అంది. నాకు నవ్వొచ్చింది. అది నవ్వలేదు. "అడిగినామెకి నిజం సెప్తే ఏటయ్యేదే?" అంది.

"పరువు పోయేదే తల్లీ."

"పరువుకి ఆకలెయ్యదే. మనకే ఏస్తాది."

ఆరోజు దాని ఒక్కపొద్దు. అప్పటిదాకా దాని కడుపులో టీ నీళ్ళు తప్ప ఏమీ లేవు.

రెండోసారి మందు కొట్టే వేళకి అది డబ్బాకి అంటించిన కాగితం విప్పి చదివింది. చీమల బారులాంటి అక్షరాలు. చాలాసేపు చదివి, "సేతికి తొడుగులేసుకోమన్నాది. గాలికి ఎదురు కొట్టొద్దన్నాది. కడుపుతో ఉన్నోల సంగతి ఎంత ఎతికినా నేదు" అంది.

"రాయనేదంటే ఏటీ కాదనే కదా" అన్నాను.

"రాయనేదంటే ఆలకీ తెలీదనేమో."

పురుగుమందుల కొట్టాయన్ని అడగమంది. మా ఆయన అడిగితే ఆయన నవ్వి, "గడ్డి సస్తాది గానీ మనుసులు సావరు" అన్నాడట. ఆ మాట పట్టుకుని, "ఈ ఒక్కసారికే బుల్లీ, నాన్నకి నడుం నొప్పి" అన్నాను. అది మూత అందుకుంది.

ఆరో నెలలో ఒకరోజు పొద్దున్న పెరట్లోంచి "అమ్మా" అని పిలిచింది. ఆ పిలుపులోనే తెలిసింది. ఆసుపత్రికి చేర్చాం, బిడ్డ అప్పటికే ప్రాణం లేకుండా ఉంది. దానికి రక్తం కారడం ఆగలేదు. కొంత ఎక్కించాక తేరుకున్నట్టే కనబడింది. తర్వాత సంగతి మొదటే చెప్పాను.

కర్మలు అయిపోయాక నేను ఒక్కదాన్నే విజయనగరం వెళ్ళాను. చీటీ రాయించుకుని వరసలో కూర్చున్నాను. నా వంతు వచ్చాక డాక్టరమ్మ, "పేషెంటు ఎవరు?" అంది. పేషెంటు లేదని చెప్పాను. ఎవరి తల్లినో చెప్పాను. ఆమె కలం కింద పెట్టింది. అప్పుడు మందు సంగతి, మూత సంగతి, గుడ్డ పిండిన సంగతి, ఒక్కపొద్దుల సంగతి వరసగా చెప్పాను. చుట్టూ ఆడవాళ్ళు ఉన్నారు. ఉండనీ అనుకున్నాను.

"ఆ మందే సంపీసిందా అమ్మా?" అని అడిగాను.

"దానివల్లే అని నేను చెప్పలేను. కాదనీ చెప్పలేను. రక్తం లేకపోవడం ఒకటి, ఇంకేవైనా ఉండొచ్చు. కానీ మీరు ఆరోజు చెప్పుంటే మందు దగ్గరికి వెళ్ళొద్దనేదాన్ని, ఒక్కపొద్దులు మాన్పించేదాన్ని" అంది. కలం మళ్ళీ చేతిలోకి తీసుకుని, "మీరొక్కరే కాదు. నేను రోజూ అడుగుతాను. రోజూ అందరూ మంచం దిగదనే చెప్తారు" అంది.

మందుని తిడదామంటే నాకు తెలిసింది తక్కువ. గింజ సంగతి కూడా పెద్దవాళ్ళు తేల్చాలి. నాకు తెలిసింది నా నోటి సంగతే. తెలిసినామె అడిగింది, నేను చెప్పలేదు. అడిగినప్పుడు చెప్పని దాన్ని గనక, అడగకుండానే ఇప్పుడు మీకు చెప్తున్నాను. మీ ఇంట్లో కడుపుతో ఉన్న పిల్ల ఉంటే దాన్ని గడ్డిమందు డబ్బా దగ్గరికి రానివ్వకండి. వచ్చుంటే డాక్టరు దగ్గర దాచకండి. పక్కన కూర్చున్నవాళ్ళు ఏమనుకుంటారో అని నాలాగా చూడకండి.

ఈ ఏడు గింజలమ్మే ఆయన మళ్ళీ వచ్చాడు. మా ఆయన గుమ్మంలోనే నిలబడి, "ఆ మూత ఇంక నా సేత్తో పట్టుకోలేను బాబూ" అని పంపేశాడు. చోళ్ళు వేశాం. నేనూ, వియ్యపురాలూ కూర్చుని కలుపు తీశాం. అవును, ఆమె చీపురుపల్లి నుంచి వచ్చింది. అబద్ధాల సంగతి ఆమెకీ చెప్పాను. ఆమె కొంగు నడుముకి దోపుకుని వరసలో నా పక్కన కూర్చుంది.

గట్టు వార గునుగు మొలిచింది. లేత ఆకు, గులాబీ రంగు కాడ. చెంగులో కోసుకొచ్చి, నాలుగు నీళ్ళు పోసి కడిగి వండాను. ఇద్దరం ఒకే పళ్ళెం ముందు కూర్చున్నాం. ఆమె తిన్నది. నేనూ తిన్నాను. చివర నేను కలిపిన ఒక్క ముద్ద మిగిలింది. ఎవరం ముట్టుకోలేదు. ఎవరి నోటి దగ్గర పెట్టాలో తెలీక పళ్ళెం అలాగే ఉండిపోయింది, ముద్ద మీద నా వేళ్ళ గుర్తులు ఎండిపోయేదాకా.

పొద్దుపోతోంది. మీరు లేచి అన్నం పెట్టుకోండి. ఒక్కపొద్దులూ గిక్కపొద్దులూ వద్దు. కడుపు నిండా తినండి.