కొండదారిలో నాన్న చేతులు

మాది కలకత్తా పక్కనున్న సంత్రాగాఛి. కిందటి చలికాలం నాన్నను, మూడేళ్ళ మా పాపను వెంటబెట్టుకుని పురూలియా కొండలకు వెళ్ళాను. అక్కడి అడవిలో చిన్నపిల్లలు కూడా నడవగలిగే దారి ఉందని విన్నాను. దారి ఉన్నమాట నిజమే. దాని పొడవునా చిప్స్ ప్యాకెట్లు, ఎంగిలి ప్లేట్లు కూడా ఉన్నాయి.

నాన్న కలకత్తా వీధులు ఊడ్చి రిటైరైన మనిషి. మోచేతికి సంచి తగిలించుకుని, ఒక చేత్తో పాపను నడిపిస్తూ, రెండో చేత్తో చెత్త ఏరుతున్నాడు.

"ఇక్కడ కూడా ఏటి నాన్నా," అని విసుక్కున్నాను.

"కళ్ళకి కనిపిస్తంటే ఎలా ఒగ్గీమంటావే," అన్నాడు.

మలుపులో ఒక కుటుంబం బండల మీద కూర్చుని పూరీల్లాంటి లూచీలు తింటోంది. వాళ్ళలో ఒకావిడ పసివాడికి అప్పుడే విప్పిన డైపర్ తెచ్చి, "దాదా, ఇదీ తీసుకో," అని బెంగాలీలో అంటూ నాన్న చేతిలో పెట్టింది. దాన్ని సరిగా చుట్టనైనా లేదు. పచ్చటి విరేచనం ఆయన మణికట్టు మీదుగా కారింది. నాకు కడుపులో తిప్పింది.

ఆవిడ నావైపు తిరిగి, "మీ పాపను అతను ముట్టుకుంటుంటే ఊరుకుంటున్నారేమిటి?" అంది.

ఆయన మా నాన్న అని చెప్పాల్సింది. సిగ్గేసి, పాపను నావైపు లాక్కున్నాను.

కొండ దిగేదాకా నాన్న మాకు పదడుగులు వెనకే నడిచాడు. కింద కుళాయి దగ్గర మూడుసార్లు సబ్బు రాసి చేతులు కడుక్కుని, "ఇప్పుడు పిల్లనెత్తుకోవచ్చా అమ్మా?" అని అడిగాడు.

ఆవిడను తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. నన్ను తలుచుకుంటే మాత్రం, ఆ రోజులాగే కడుపులో తిప్పుతుంది.