కొల్లేటి వీరుడి తలంటు

ఈ రాత వల్ల భారతీయ శిల్పకళా చరిత్రకు జరగబోయే అపకారానికి ముందుగానే చేతులు జోడించి, అవసరమైతే మోకాళ్ళ మీద నిలబడి, క్షమాపణ కోరుకుంటున్నాను. పండితులు నన్ను మన్నించాలి. రాతి మీద మీసం కనపడితే దాని వెనక ఒక యుద్ధం ఉండి తీరుతుందని మీరంతా నమ్ముకుని బతుకుతున్నారు. ఆ నమ్మకాన్ని చెడగొట్టాలన్న దురుద్దేశం నాకు లేదు. ఒక శనివారం ఖాళీగా దొరికాను, అంతే.

దొరికింది మా పెద్దమ్మ కూతురు కరుణక్కకి. ఆవిడ ఏలూరులో ఒక కాలేజీలో చరిత్ర చెబుతుంది. నేను తాడేపల్లిగూడెంలో డిగ్రీ పూర్తిచేసి, "తర్వాతేంటి బాబూ" అని అడిగే పెద్దలకు కనపడకుండా తిరిగే ఉద్యోగంలో ఉన్నాను. అక్క ఫోను చేసి చెప్పిన సంగతి ఇది. కొల్లేటి మధ్య ఒక లంక ఊళ్ళో, అరుగు మీద, ఒక వీరగల్లు ఉంది. వీరగల్లంటే, పదిమంది కోసం ప్రాణం ఇచ్చినవాడి బొమ్మ చెక్కించి వెనక మిగిలినవాళ్ళు నిలబెట్టుకునే రాయి. ఏడాది పొడుగునా దాని మీద దట్టంగా రంగులుంటాయి కాబట్టి అసలు చెక్కడం బయటివాళ్ళెవరికీ కనపడదు. మాఘమాసంలో జాతర రోజు పొద్దున మాత్రం వీరుడికి తలంటు పోస్తారు. వేసేవి జిగురులో కలిపిన పొడి రంగులే గనుక, చింతపండూ కుంకుడురసమూ పెట్టి కొబ్బరిపీచుతో తోమితే మొత్తం దిగిపోతాయి. రాయి ఆరాక కొత్త రంగులు వేస్తారు. తడి రాయి ఆరేలోపే వీరుణ్ణి ఉన్నవాణ్ణి ఉన్నట్టు చూడాలి.

"ఇదే ఆఖరి తలంటటరా," అంది అక్క. "సిమెంటు విగ్రహం చేయించారు. అది పెట్టేసి, ఈ రాయిని రేవులో బట్టలుతికే మెట్టుగా వేస్తారట. ఈలోగా ఫొటోలు తియ్యాలి. గొడుగు పట్టుకోడానికో మనిషి కావాలి."

"నా చదువుకు తగిన పిలుపు ఇన్నాళ్ళకి వచ్చిందక్కా," అన్నాను.

ఆ సిమెంటు విగ్రహం తయారైంది మా గూడెంలోనే. శుక్రవారం సాయంత్రం సైకిలేసుకుని హైవే పక్కనున్న విగ్రహాల షెడ్డుకి వెళ్ళి చూసొచ్చాను. వేళ్ళు చూపిస్తున్న నాయకుల మధ్య మన వీరుడు పులి మీద నిలబడి, కత్తి ఎత్తి, వ్యానుకోసం చూస్తున్నాడు.

"ముఖం ఎవర్ని చూసి చేశారండీ?" అని శిల్పిగారిని అడిగాను.

"ఎవర్నీ చూళ్ళేదండి. మూస ఒకటే ఉంటదండి. మీసం కిందకి దించితే నాయకుడు, పైకి తిప్పితే వీరుడు. గెడ్డం పెడితే ఋషి."

"మరి పులి?"

"పులికి రెండు మూసలండి. నోరు మూసింది, నోరు తెరిచింది. ఆళ్ళు తెరిచింది అడిగేరు."

ఆ తెరిచిన నోట్లో, ఎవరో కాలు తొక్కినప్పటి బాధ తప్ప నాకు కోపమేమీ కనపడలేదు. ఆ మాట పైకి అనలేదు. నేను ధైర్యవంతుణ్ణే గాని ఆయన చేతిలో తాపీ ఉంది.

మర్నాడు తెల్లారేసరికి గూడెం బస్టాండులో ఏలూరు వెళ్ళే ఆర్డినరీ బస్సు ఎక్కాను. గుండుగొలనుకి పద్దెనిమిది రూపాయలు, గంట లోపు ప్రయాణం. ఎక్స్‌ప్రెస్సు ఎక్కితే అది మిమ్మల్ని గౌరవంగా ఏలూరు దాకా తీసుకుపోయి దింపుతుంది, జాగ్రత్త. కిటికీ పక్కన కూర్చుని వీరత్వం గురించి ఆలోచించాను. మాది మిషనరీల కాలం నాటి చర్చికి వెళ్ళే కుటుంబం. నేను చూసిన మొదటి వీరుడు సండేస్కూల్లో ఇచ్చిన రంగుల కార్డు మీద దావీదు. ఎర్రటి బుగ్గలు, ఉంగరాల జుట్టు, దుమ్ము అంటని పాదాలు. గొల్యాతు మాత్రం నల్లగా, గుండెల మీద వెంట్రుకలతో, అచ్చం మా బాబాయిలా ఉండేవాడు. ఎవరు గెలుస్తారో కార్డు తియ్యగానే తెలిసిపోయేది. మా బాబాయి కోసం నేను చాలా ఆదివారాలు బాధపడ్డాను.

గుండుగొలనులో కరుణక్క ఏలూరు బస్సు దిగేసరికి నేను ఇడ్లీ రెండో ప్లేటులో ఉన్నాను. అక్కణ్ణించి కొల్లేటి ఒడ్డుకి షేరు ఆటో, మనిషికి పది రూపాయలు. ఊరి పేరు మాత్రం, తన వ్యాసం అచ్చయ్యేదాకా బయటపెట్టొద్దని అక్క నా చేత ఒట్టు వేయించుకుంది. దారి చెప్పొద్దని అనలేదు. జాతరకి పడవ ఎక్కడ ఎక్కాలో ఏ ఆటో అబ్బాయినడిగినా చెబుతాడు.

"పక్షులకాండి?" అన్నాడు మా ఆటో అతను.

"కాదండి, వీరుడికి."

"పులి వీరుడాండి? ఇయ్యాళ తలంటు గదండీ. పెందలాడే వెళ్ళిపోండి. రంగు పడితే ఇంక పులేనండి."

"రంగు పడకముందు ఏంటండీ మరి?"

"చూస్తారు గదండి," అని హారన్ కొట్టాడు. ముందు ఎవరూ లేరు.

ఒడ్డునించి పడవలో అరగంట. పోయినేడు తెగ్గొట్టిన చేపల చెరువుల గట్లు నీళ్ళలో అక్కడక్కడా వీపులు చూపిస్తున్నాయి. వాటి మీద గూడకొంగలు ఏదో మీటింగులో కూర్చున్నట్టున్నాయి. పడవతను పొడుగాటి గెడ నీళ్ళలోకి దించి, నేల తగలగానే ఒంటి బరువంతా వేసి నెడుతున్నాడు. పక్కనించి తాటి మొద్దు తొలిచిన దోనెలో ఒక ముసలాయన మమ్మల్ని దాటుకుని వెళ్ళిపోయాడు. ఆయన కనీసం మా వైపు చూడలేదు. ఆ ప్రాంతంలో దోనె నడపడం ఒక విశేషం కాదు.

మేం చేరేసరికి తలంటు మొదలవబోతోంది. రాయి నా ఛాతీ ఎత్తుంటుంది. పోయినేటి రంగుల్లో వీరుడు వెలిగిపోతున్నాడు. వెండి కత్తి, కింద పసుపూ నలుపూ చారల పులి, వెనక పైకి లేచిన తోక, వీపు మీద జీను, జీనుకి మూడు ఎర్ర కుచ్చులు. తలంటు పోసే హక్కు నాగమణిగారి అత్తింటివాళ్ళది. ఆవిడకి యాభై దాటి ఉంటాయి. కొంగు నడుంకి దోపుకుని, చంటిపిల్లాడికి పోసినట్టే, కళ్ళలో కుంకుడురసం పడకుండా వీరుడి నుదుటికి అరచెయ్యి అడ్డం పెట్టి పోస్తున్నారు. రంగులు కరిగి అరుగు కిందికి కారిపోతున్నాయి. చెక్కడం మీద ఎండ సూటిగా పడకుండా నేను రాయి వెనక నిలబడి గొడుగు పట్టుకున్నాను.

ఎదురుగా ఉన్న కరుణక్క ఉన్నట్టుండి కెమెరా దించేసింది.

"ఒరే బాబీ, పులికి కాళ్ళు లేవురా."

నేనూ ముందుకొచ్చి చూశాను. కాళ్ళే కాదు, తలా లేదు. చారలన్నీ పోయాక మిగిలింది రెండు కొసలూ కాస్త పైకి లేచిన పొడుగాటి దోనె. అందులో నిలబడ్డవాడి చేతిలో ఉన్నది కత్తి కాదు, గెడ. దాని పై సగానికి వెండి రంగు పూసి కత్తి చేశారు, కింద సగానికి చారలు పూసి తోక చేశారు. జీను కుచ్చులు మూడూ మనుషుల తలలు. దోనెలో కూర్చున్నవాళ్ళవి.

"ఏవండీ, ఇది దోనె కదండీ," అంది అక్క, చరిత్రని మలుపు తిప్పుతున్న గొంతుతో.

"ఆయ్, దోనేనండి," అన్నారు నాగమణిగారు, వీరుడి చెవుల వెనక తోముతూ.

"మీకు తెలుసా?"

"ఏటా తోముతాం గదండీ. తెలీకేం?"

పక్కన రంగులు కలుపుకుంటున్న అప్పారావుగారికీ తెలుసు. పడవలకి, షాపు బోర్డులకి, వీరుడికి ఆ ఊళ్ళో రంగులు వేసేది ఆయనే. కొబ్బరికాయలమ్మే ఆవిడకీ తెలుసు.

"తెలిసి పులిని ఎందుకు వేస్తారండీ?" అని అడిగాను.

"పులే గదండి," అన్నారు అప్పారావు. "తలంటప్పుడు దోనె, రంగు పడ్డాక పులి. రంగు పడ్డాక దోనె మాట ఎత్తకూడదండి. ఆయనకి కోపం వస్తది."

కరుణక్క పెన్ను మూసి సంచిలో పెట్టేసింది. ఈ వాక్యాన్ని ఏ అధ్యాయంలో చేర్చాలో ఆవిడకి తెలిసినట్టు లేదు.

నాగమణిగారు చేతులు కడుక్కుని వచ్చి మా పక్కన కూర్చున్నాక అసలు బాధ చెప్పారు. ఈ రాయిని రేవులో వేస్తారని విన్నప్పట్నించి ఆవిడకి నిద్ర లేదు. పంచాయతీ ప్రెసిడెంటుగారి ఇంటికి మూడుసార్లు వెళ్ళారు. ఆయన మంచివాడే, కుర్చీ వేసి కూర్చోబెట్టారు గాని, "పాతరాయిలో ఏముందమ్మా" అనేశారు.

"చూపిద్దామంటే రంగులో పులే కనపడతదండి. తలంటు టయానికి ఆయన ఎప్పుడూ రారు. రంగులన్నీ అయ్యాక కొబ్బరికాయ కొట్టడానికి వస్తారు. అప్పుడింక మాట ఎత్తకూడదు."

"ఇవాళ ఎప్పుడొస్తారు?"

"విగ్రహం వెంట వస్తన్నారండి. అదెక్కిన పంటు ఇంకా బయల్దేరలేదంట."

ఇంతలో అప్పారావుగారు కుంచె పట్టుకుని లేచారు. రాయి ఆరకుండా రంగు తాకించకూడదన్నది కట్టుబాటు. ఆయన మోచేతి వెనక వైపు ఆనించి చూసి, "తడుందండి," అని వెళ్ళి కూర్చున్నారు. నేను మళ్ళీ రాయి వెనక్కి వెళ్ళి గొడుగు పట్టుకున్నాను. కాసేపయ్యాక ఆయన మళ్ళీ వచ్చారు. మళ్ళీ తడే. ఎండ బాగానే కాస్తోంది, గాలి కూడా ఉంది. అయినా వీరుడి నుదుటి మీంచి ఒక్కొక్క చుక్క ముక్కు మీదికి, ముక్కు మీంచి గెడ మీదికి దిగుతోంది. కొబ్బరికాయలావిడ లెంపలు వేసుకుని, "ఆయనకి చెమట పడతందండి," అంది. ఆ మాట అరుగు దిగి వీధిలోకి వెళ్ళి, ఇంకో ఇరవైమందిని వెంటబెట్టుకుని వచ్చింది.

పది దాటాక పంటు వచ్చింది. రెండు పడవలు కలిపి కట్టి, మీద బల్లలు పరిచి, దాని మధ్యలో సిమెంటు వీరుణ్ణి తాళ్ళతో బిగించారు. అంత నోరు తెరిచిన పులి కూడా చివరికి పడవెక్కే రావలసి వచ్చింది. ప్రెసిడెంటుగారు తెల్లచొక్కా తడవకుండా దిగి, నేరుగా అరుగెక్కారు. నలభై ఏళ్ళుంటాయేమో, భారీ మనిషి.

"ఇంకా రంగు పడలేదేంటి అప్పారావూ?"

"ఆరట్లేదండి. చెమటంటన్నారండి."

"మాఘమాసంలో చెమటేంటి," అని ఆయన స్వయంగా చెయ్యి పెట్టి చూశారు. చెయ్యి కిందికి జారి ఆ మూడు తలల దగ్గర ఆగింది. "ఇవేంటి?"

"కుచ్చులండి," అన్నారు అప్పారావు, అలవాటుగా.

"కుచ్చులు కావండి, మనుషులు," అన్నారు నాగమణిగారు. "దోనెలో ఉన్నోళ్ళు."

ప్రెసిడెంటుగారు రాయిని పైనించి కిందికి చూశారు. "దోనైతే అయ్యిందమ్మా. పుట్టిందగ్గర్నించి మనం దోనెల్లోనే తిరుగుతున్నాం. దోనెలో నిలబడ్డవాణ్ణి చూడ్డానికి దోనెక్కి ఎవరొస్తారు? పులంటే ఒక గౌరవం."

"మన లంకలో పులి నోట్లో ఎవరు పోయేరండి? పోయినోళ్ళంతా నీళ్ళలోనే పోయేరు." ఆవిడ గొంతు పెంచలేదు. "ఈ రాయి ఆయన పెట్టించుకోలేదండి. ఈ ముగ్గురూ బతికి ఒడ్డెక్కి, ఆయన కోసం పెట్టించేరు. బతికినోళ్ళని కుచ్చుల్ని చేసేం. ఏడాదికోసారైనా నా చేత్తో మళ్ళీ మనుషుల్ని చేస్తన్నాను. రేవులో వేస్తే అది కూడా ఉండదు."

 ఆవిడే మళ్ళీ అన్నారు. "గాలివాన వచ్చిన యేడు మా ఆయన దోనెలో మీరూ ఇట్టాగే కూర్చున్నారండి. తల ఒక్కటే పైకి కనపడింది. మిమ్మల్ని దింపి, ఇంకోళ్ళ కోసం వెళ్ళి, రాలేదు."

ప్రెసిడెంటుగారి బొటనవేలు అన్నిటికన్నా చిన్న తల మీద ఉంది. అది ఆయన తియ్యలేదు.

"నాకు జ్ఞాపకమే," అన్నారు. "మొలతాడు పట్టుకుని నన్ను లోపలికి లాగేడు."

తర్వాత పనులు చకచకా జరిగాయి. సిమెంటు వీరుణ్ణి పంటు దిగినచోటే, రేవు పక్కన నిలబెట్టమన్నారు. "పులి దారి చూపిస్తది. లోపలికొస్తే అసలాయన ఉంటారు." రాయి అరుగు మీదే ఉంటుంది. తలంటు ఎప్పటిలాగే నాగమణిగారిదే.

"మరి కత్తండీ?" అన్నారు అప్పారావు.

"గెడ వెయ్యి."

"గెడకి వెండి రంగు బాగోదండి."

"మట్టి రంగే వెయ్యి. ఆ ముగ్గురికీ కళ్ళు పెట్టు. చిన్నోడికి కాస్త పెద్దవి పెట్టు, భయపడ్డాడు."

మధ్యాహ్నం నాగమణిగారింట్లో కొరమేను పులుసు తిన్నాం. "రేపటికి ఇంకా బావుంటదండి, ఉండిపోండి," అన్నారు ఆవిడ. నేను సిద్ధమే గాని, సోమవారం అక్కకి క్లాసులున్నాయి, ఆదివారం చర్చిలో మా నాన్నగారు నా కోసం వెతుకుతారు. సాయంత్రం నాలుగు గంటల పడవలో బయల్దేరి, గుండుగొలనులో అక్క ఏలూరు బస్సు, నేను గూడెం బస్సు ఎక్కి, ఏడింటికల్లా ఇల్లు చేరాను.

బస్సులో మళ్ళీ అదే ఆలోచన. నేను చూసిన ప్రతి వీరుడి బొమ్మలోనూ ఒక శత్రువు ఉన్నాడు, వాణ్ణి బట్టే వీరుడి ఎత్తు తెలిసేది. ఈ రాయిలో శత్రువు లేడు, నీళ్ళున్నాయి. ఆయన మన వైపు చూడటం లేదు, మీసం సంగతి ఆయనకి పట్టలేదు. గెడకి నేల తగిలిందా లేదా అన్నదే చూస్తున్నాడు. ఆ చెక్కినవాడు ఎవడో గాని, దోనెలో కూర్చుని వీపు వైపునించి వీరుణ్ణి చూసినవాళ్ళ మాట విని చెక్కాడు. పులిని కలిపింది కూడా తప్పని నేననను. రోజూ చేసే పనిలో గొప్ప కనపడనప్పుడు మనిషి పులిని అరువు తెచ్చుకుంటాడు. కాకపోతే ఏడాదికొక్క పూటైనా కడిగి చూసుకోవాలి.

వెళ్ళేవాళ్ళకి ఒక సలహా. జాతర రోజున మొదటి పడవకే దాటండి. రేవులో నోరు తెరిచిన సిమెంటు పులి కనపడితే సరైన ఊరికే వచ్చారు. ఫొటోలు తర్వాత తీసుకోవచ్చు, ముందు తలంటు చూడండి.

పైన రాసిన వీరకార్యాల్లో నా పాత్ర ఎంత అని అడిగేవాళ్ళుంటారు. గొడుగు కాకుండా, నేను చేసిన పని ఒక్కటే. వీరుడికి చెమట పట్టలేదండి. రాయి వెనక నిలబడి, నా తువ్వాలు తలంటుకి తెచ్చిన నీళ్ళ బకెట్లో ముంచి, అప్పారావుగారు అటు తిరిగినప్పుడల్లా ఆయన నెత్తిన పిండింది నేనే. బకెట్ అడుగంటినప్పుడు నాగమణిగారు ఇటు చూడనే చూశారు. నా చేతిలో తువ్వాలు కారుతోంది.  నిండు బిందె ఒకటి తెచ్చి నా కాళ్ళ దగ్గర దించి, "ఎండగా ఉందండి బాబూ," అని వెళ్ళిపోయారు.