ఊఁ కొట్టే మెయిల్‌బాక్స్

నాకు మొదటి ఉద్యోగం ఇచ్చింది ఆదోనిలోని ఒక పత్తి కమీషన్ అంగడి. ఎమ్మిగనూరు నుంచి రోజూ బస్సులో వెళ్లి వచ్చేవాణ్ణి. నన్ను పనిలో పెట్టుకున్న సావుకారుకు అప్పుడే గొంతు ఆపరేషన్ అయింది. ఆ సీజన్ అంతా నోరు మెదపకూడదని డాక్టరు చెప్పారు.

ఆ వ్యాపారం నడిచేదే ఆయన గొంతు మీద. ట్రాక్టరుకు పత్తి ఎత్తే ముందు రైతు అంగడికి ఫోన్ చేసి, పంట ఎట్లుందో, ఏ రోజు వస్తున్నాడో చెప్పుకుంటాడు. ఆయన "తీసుకురాప్పా" అన్నాకే బండి కదులుతుంది. ఆ మాట వినపడకపోతే, మార్కెట్ యార్డులో వేరే అంగళ్లకు కొదవ లేదు. ఆయన మాట్లాడకుండానే వ్యాపారం సాగే ఏర్పాటు చెయ్యడం నా పని.

అంగడికి కబుర్లు ఏయే దారుల్లో వస్తున్నాయో ముందు రాసుకున్నాను: రైతుల ఫోన్లు, ఇప్పటికీ ఫ్యాక్స్ వదలని ఒక పాత మిల్లు ఆర్డర్లు, కొత్త కొనుగోలుదారుల ఈమెయిళ్లు. మూడింటినీ ఒకే మెయిల్‌బాక్స్‌లోకి మళ్లించాను. ఫ్యాక్స్ బొమ్మగా, ఫోన్లో చెప్పిన మాట ఆడియోగా మారి మెయిళ్ల వరుసలోనే చేరతాయి. సావుకారు అన్నీ ఒకచోట చూసి, విని, జవాబు టైపు చేస్తే నేను రైతుకు ఫోన్లో చదివి వినిపించాలి. ఫోన్ చేసినవాళ్లకు మొదట వినపడే రికార్డు మాట ఆయన భార్యది. ఆమెను నేను అక్క అనేవాణ్ణి.

"మా ఆయనకు గొంతు ఆపరేషన్ అయింది. మాట్లాడడు, అన్నీ ఇంటాడు. సెప్పండప్పా."

ఫ్యాక్సులు, మెయిళ్లు చక్కగా వచ్చాయి. మొదటి ఫోన్ మెసేజి హొళగుంద వైపు నుంచి ఏళ్ల తరబడి ఈ అంగడికే పత్తి తెచ్చే పెద్దాయనది. ముగ్గురం విన్నాం.

"అప్పా, నేనే. పత్తి తీసినాము... హలో? ఇంటాండావా? ఏమప్పా, ఊఁ అనవే? గోడతో మాట్లాడినట్లుండాది. పెట్టేస్తాండా."

తర్వాతివీ అట్లాంటివే. "ఇంగ వీళ్లంతా వేరే అంగడికి పోతారు" అంది అక్క. నా ముఖం చూసి సావుకారు ఫోన్లో టైపు చేసి చూపించారు: "ముందు టీ తాగు. తర్వాత చూద్దాం."

టీ తాగి అన్నీ మళ్లీ విన్నాను. ప్రతి ఒక్కరూ ఒక మాట చెప్పి, అవతలి నుంచి ఊఁ కోసం ఆగుతున్నారు. అది రాకపోతే మాట ముందుకు సాగడం లేదు. వాళ్లు ఆగినచోట ఊఁ వినిపించేలా పెట్టడం కష్టం కాదు. కానీ అది ఆయనదే కావాలి. ఆయనేమో గొంతు కదపకూడదు.

"నా ఫోన్లో మాట్లాడిందంతా రికార్డవుతుంది గదా" అంటూ అక్క ఆపరేషన్‌కు ముందు తను ఆయనకు చేసిన కాల్ ఒకటి పెట్టింది. సరుకులు, కారుతున్న మిద్దె, చెల్లెలి కొడుకు పెళ్లి, అన్నీ చెప్పుకుపోతోంది. అటునుంచి ఊఁ. ఊఁ. ఊఁ.

"సూడు నాయనా, ఒక్క మాటన్నా మాట్లాడినాడా? ఊఁ కొట్టే ఇన్నేళ్లు సంసారం సేసినాడు!"

సావుకారు చప్పుడు లేకుండా, భుజాలు ఊగేలా నవ్వారు. ఆ ఊఁలలో మంచివి ఏరి మెయిల్‌బాక్స్‌లో పెట్టాను. పెద్దాయనకు ఫోన్ చేసి, ఇంకొక్కసారి చేసి చూడమని బతిమాలాను. ఈసారి పొడవాటి మెసేజి వచ్చింది.

"వానకు రవంత తడిసింటే ఆరబోసినాము."

ఊఁ.

"బేస్తవారం తెస్తా."

ఊఁ.

"నీ గొంతు బాగయిందా?"

ఊఁ.

"అయితే సరేప్పా."

సావుకారు కళ్లు మూసుకుని చివరిదాకా విన్నారు. టైపు చేసింది ఒక్క మాట: తీసుకురాప్పా. నేను ఫోన్లో చదివి వినిపించాను.

బేస్తవారం ట్రాక్టరు వచ్చింది. పెద్దాయన దిగుతూనే, "బాగయిందంటివి గదప్పా, మాట్లాడవేం?" అన్నారు. సావుకారు నోరు తెరవబోయారు. అక్క ఉరిమి చూసింది. ఆయన నోరు మూసుకుని పెద్దాయన రెండు చేతులూ పట్టుకున్నారు.

ఇప్పుడాయన మాట్లాడుతున్నారు, కొంచెం జీరగా. మొదటిసారి నా పని చెడిపోయిన రోజు నన్ను పంపెయ్యడానికి ఆయనకు గొంతు అక్కర్లేదు, చెయ్యి ఊపితే సరిపోయేది. ఆ చేత్తోనే టీ గ్లాసు నా వైపు జరిపారు.