హన్మవ్వ అడిగిన బావి

బోధన్ చక్కెర ఫ్యాక్టరీ కూత వినబడేంత దూరంలో ఉంటుంది మా ఊరు. 1965లో హన్మవ్వ మా పంచాయతీలో మెంబరైంది. ఆ సంగతి ఆమెకు మూడో రోజున తెలిసింది. ఆడవాళ్లు కూడా ఉండాలని కానూను రావడంతో, సర్పంచు లక్ష్మీరాజం గొడవ చెయ్యని మనిషి ఎవరా అని ఆలోచించి, చెరుకు రైతు రాజలింగు భార్య పేరు రాయించాడు. మనుషుల్ని అంచనా వెయ్యడంలో ఆయనెప్పుడూ అంతే.

మీటింగు అయిన మర్నాడు గుమాస్తా ఆత్మారాం రిజిస్టరు చంకన పెట్టుకుని వచ్చేవాడు. హన్మవ్వ వేలిముద్ర వేసేది. అతను చాయ్ తాగి వెళ్లేవాడు. ఏడాదిన్నర ఇలాగే సాగింది.

ఒకనాడు ఆమె వాకిలి అలుకుతుంటే వచ్చాడు.

“అక్కా, చెయ్యి కడుక్కొని గీడ ఏలు పెట్టు.”

“గా రిజిస్టర్ల ఏం రాసిండ్రు?”

ఎన్నడూ అడగని మాట. ఆత్మారాం తడబడుతూ చదివాడు. ఊరికి మంజూరైన మంచినీళ్ల బావిని చావడి ముందర తవ్వాలని, హన్మవ్వతో సహా సభ్యులంతా చర్చించి ఒప్పుకున్నారని ఉంది.

“నేనెప్పుడు చర్చించిన్నే?”

“రాసుడు అట్లనే ఉంటది అక్కా.”

“చావడి కాడ పొద్దంత మొగోళ్లు పేకలాడుతరు. ఆళ్ల ముంగట నడుము వంచి నీళ్లు చేదాల్నా? నేను ఏలు పెట్ట. పో.”

ఆ రోజు ఆత్మారాం చాయ్ కూడా తాగలేదు.

“నీకెందుకే గివన్ని?” అన్నాడు రాజలింగు.

“అయితే బింది నువ్వు మోస్తవా?”

“సరే, మీటింగ్‌కు పో. గని ఎవల్ని తిట్టకు,” అన్నాడతను.

తర్వాతి మీటింగుకు హన్మవ్వ చావడికి వెళ్లేసరికి ఉన్న కుర్చీలన్నీ నిండిపోయాయి. ఎవరూ లేవలేదు. అరుగు మీది నులక మంచాన్ని లోపలికి ఈడ్చుకొచ్చి, దాని మీద కూర్చుందామె.

“నీళ్ల జాడ సూసే బాయి ఆడ అన్నం. ఆడోళ్లకేం ఎర్కనమ్మా?” లక్ష్మీరాజం నవ్వాడు.

“జాడ మీరే సూడుండ్రి సర్పంచ్ సాబ్. గని మీల ఎన్నడన్న బొక్కెన చేదినోళ్లు ఉంటే చెయ్యెత్తుండ్రి.”

ఒక్క చెయ్యీ లేవలేదు. కాసేపటికి మూలనున్న ఆత్మారాం సగం ఎత్తాడు. తల్లికి కాలు విరిగినప్పటి నుంచి వాళ్లింట్లో నీళ్లు అతనే తెస్తున్నాడు. అందరూ పకపకా నవ్వారు. ఆ నవ్వులోనే సర్పంచు మెత్తబడి, వేరే జాగా చూపించమని నెల గడువిచ్చాడు.

హన్మవ్వ ఇల్లిల్లూ తిరిగింది. గిన్నెలకు కళాయి పూసే షౌకత్ భార్య రబియా ఆమెను లోపలికి పిలిచి చెప్పింది: “చావడి కాడ అయితే పర్దాల ఉండే మాకు బాయి ఉన్నా లేనట్టే అక్కా. మసీదు వెనక గల్లీ మలుపు కాడ జాగ ఉంది సూడు. అటు ఎవరికీ పని ఉండదు.”

జాగా బాగుంది. ఆ సంబరంతోనే చెరుకు కొట్టే భూమవ్వ దగ్గరికి, దళితవాడకు వెళ్లింది. భూమవ్వ అంతా విని ఒక్కటే అడిగింది.

“ఆడోళ్లందరికి అంటున్నవ్. మేం ఆడోళ్లల్ల లెక్కనా, కాదా?”

భూమవ్వ దోసిలి పడితే పైనుంచి నీళ్లు పోసిన చేతులే హన్మవ్వవి. అది తప్పని ఎన్నడూ అనుకోలేదు. ఆ రోజు అన్నం సహించలేదు. మర్నాడు మళ్లీ వెళ్లి, “నువ్వు గూడ మీటింగ్‌కు రా. నా పక్కన కూసో,” అంది.

నెల తిరిగి మీటింగు పెట్టేసరికి భూమవ్వతో సహా ముప్పై మంది ఆడవాళ్లు వచ్చి చావడిని నింపేశారు. పేకాట ఆగిపోయింది. మసీదు వెనక బావి, నాలుగు గిరకలు, అందరూ చేదుకోవచ్చు అని తీర్మానం రాశారు. ఆత్మారాం రెండుసార్లు చదివి వినిపించాకే హన్మవ్వ వేలు పెట్టింది.

నీళ్లు కొబ్బరినీళ్లలా పడ్డాయి. తొలిరోజు భూమవ్వ గిరకకు తాడు వెయ్యగానే కొందరు ఖాళీ బిందెలతో వెనక్కి తిరిగారు. వాళ్లలో హన్మవ్వ తోడికోడలు కూడా ఉంది. ఆమె రెండు నెలలు హన్మవ్వతో మాట్లాడలేదు. ఆ తొలిరోజు పక్క గిరక మీద చేదుతున్న రబియా మాత్రం, “తాడు అడ్డం రానియ్యకు భూమవ్వా,” అని తన పనిలో తానుంది.

ఎండాకాలానికి పాత బావులు అడుగంటాయి. వెళ్లిపోయినవాళ్లు ఒక్కొక్కరే వచ్చారు. తోడికోడలు వస్తూనే, “గీ గిరక కిర్రుమంటది, నూనె పెట్టరా ఎవలు?” అని కసిరింది. మాటలు కలిసినట్టే అనుకుని హన్మవ్వ నూనె తెచ్చింది.

తర్వాతి ఎన్నికల్లో ఆమె వార్డుకు నిలబడి తొమ్మిది ఓట్లతో ఓడిపోయింది. రెండు రోజులు ఏడ్చింది కూడా. ఓడినా పర్వాలేదు, పాత పద్ధతిలో మళ్లీ పేరు రాస్తానని లక్ష్మీరాజం కబురు పంపితే, “భూమవ్వ పేరు రాయుండ్రి,” అంది. ఆయన నెలరోజులు సణిగి, ఆడవాళ్లు మళ్లీ చావడికి వస్తారని భయపడి రాశాడు.

మొదటి మీటింగుకు భూమవ్వ చెరుకు తోట నుంచి నేరుగా వచ్చింది. తమ వాడ ఆడపిల్లల్ని బడిలో గడప బయట ఎందుకు కూర్చోబెడుతున్నారని అడిగి, జవాబు వచ్చేదాకా లేవలేదు.