మోతీ స్థానం భర్తీ చేయు విషయమై

మా చిన్నప్పుడు... ఇంట్లో ఖాళీ పడిన ఏ స్థానమైనా సక్రమమైన పద్ధతిలోనే భర్తీ కావలసి ఉండేది. కూజా పగిలితే, అది నిజంగానే పనికిరాదని ముందుగా నిర్ధారణ జరగాలి. తరువాత పెద్దల సంప్రదింపు... ఆ తరువాత మంచిరోజు. ఇంత ప్రక్రియ ముగిశాకే కొత్త కూజా, హిందీ మాట్లాడే బారిడీహ్‌లోని మా రెండు గదుల కంపెనీ క్వార్టర్ గుమ్మం దాటేది.

అయితే కుక్క చనిపోతే అనుసరించవలసిన పద్ధతిని ఎవరూ నిర్దేశించలేదు. చిక్కంతా అక్కడే వచ్చింది.

మా కుక్క పేరు మోతీ. వానాకాలంలో ఒక మధ్యాహ్నం, ముసలితనం వల్ల, ఎవరికీ చెప్పకుండా కన్నుమూసింది. నాన్నగారు పెరట్లో జామచెట్టు కింద స్వయంగా గొయ్యి తవ్వారు. ఏడవలేదు. చేతులు కడుక్కుని, చెంబు బోర్లించి, డ్యూటీకి వెళ్ళిపోయారు.

మోతీ బాధ్యతలను ఇక్కడ సవినయంగా పేర్కొనాలి. నాన్నగారు ఉక్కు కర్మాగారంలో రోలింగ్ మిల్లు కార్మికులు. నైట్ షిఫ్ట్ చేసి వచ్చి పగలు పడుకునేవారు. ఆయన నిద్ర లేచేవరకు వసారాలో గోనెపట్టా మీద కూర్చుని, కూరగాయల బండ్లను, గోళీలాడే పిల్లలను, చుట్టాలను కూడా దూరంగా ఉంచడం మోతీ పని...

మిల్లులో ఒక నియమం ఉండేది. తన చోటికి రావలసిన మనిషి, అంటే రిలీవర్, వచ్చేవరకు ఎవరూ పని వదిలి వెళ్ళరాదు. మోతీ రిలీవర్ లేకుండానే వెళ్ళిపోయింది. కనుక దాని డ్యూటీ తన మీద పడిందని నాన్నగారు తీర్మానించుకున్నారు. మర్నాడు ఉదయం షిఫ్ట్ దిగి వచ్చి, పడుకోవడానికి లోపలికి రాకుండా, ఆ గోనెపట్టా మీద కూర్చున్నారు.

పక్క క్వార్టర్ అప్పలస్వామి మావయ్య ఆగి చూశాడు.

"ఏటి బావా, ఇక్కడ కూకున్నావు?"

"మోతీ డూటీ చేత్తన్నాను. రిలీవర్ రానేదు."

మావయ్య పడీపడీ నవ్వాడు. అమ్మ నవ్వలేదు... ఎందుకంటే ఆ మర్నాడూ అంతే. ఆ తరువాతా అంతే. పగలంతా వసారాలో, రాత్రంతా మిల్లులో. కళ్ళు ఎర్రగా, అన్నం కంచంలో అలాగే...

ఎర్రగా కాలిన ఉక్కు పరుగెత్తే చోట ఆయన నిలబడే తూలుతున్నారని, ఫోర్‌మన్ ఒక రాత్రి ఇంటికి పంపేశాడు. మరోసారి తూలితే ఇంటికి పంపడానికి మనిషి మిగలకపోవచ్చునన్న సంగతి ఫోర్‌మన్ పంపిన తీరులోనే అమ్మకు అర్థమైంది.

"ఏటయ్యా నీ సోద్యం! ఏటైనా అయితే ఈ పిల్లలు, నాను ఏటైపోవాల? ఇంకో కుక్కను తెచ్చుకుందారి."

"మోతీ రాజీనామా ఇచ్చిందేటి? ఇవ్వనేదు కదా. మరి కాళీ ఎక్కడుంది?"

అమ్మ పొయ్యి ఆర్పి, పర్సుడీహ్‌లోని పిన్ని ఇంటికి వెళ్ళింది. తిరిగి వచ్చేసరికి ఆమె కొంగులో ఒక కుక్కపిల్ల వణుకుతూ ఉంది. దాన్ని నేరుగా నాన్నగారి ఒళ్ళో వేసింది.

ఆయన దాన్ని ఎత్తి, నాలుగు వైపులా పరీక్షించారు.

"దీనికి మొరగడం వచ్చా?"

"నీకు మొదటిదినం మిల్లు పని వచ్చిందేటి?"

ఇంతలో కుక్కపిల్ల తన పరిచయాన్ని ఆయన లుంగీ మీద వెచ్చగా సమర్పించుకుంది. అప్పుడే కూరగాయల బండి వచ్చింది. బండివాడి కేకకు ఉలిక్కిపడి, అది కీచుమని ఒక్క అరుపు అరిచింది. మొరగడమని దాన్ని అనడానికి వీల్లేదు. కానీ బండివాడు మోతీ నాటి అలవాటు కొద్దీ ముందుకు సాగిపోయాడు.

నాన్నగారు లేచారు. గోనెపట్టా దులిపి, సరిగ్గా పరిచి, పిల్లను దాని మీద కూర్చోబెట్టారు. కుక్కలకు తెలుగు అర్థం కాదని మా ఇంటిల్లిపాదీ గట్టి నమ్మకం. హిందీ రాని నాయనమ్మ కూడా వాటితో హిందీలోనే మాట్లాడేది. ఆయన కూడా హిందీలోనే, "లే... సంభాల్", అంటే ఇదిగో, ఇక నువ్వు చూసుకో అని అప్పగించి, లోపలికి వెళ్ళి పడుకున్నారు. అమ్మ వంటగదిలో కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది...

ఆ కుక్కపిల్లా ముసలిదై కన్నుమూసింది. దాని తరువాత వచ్చినదీ పోయింది. అమ్మా, నాన్నగారూ కూడా...

ఇప్పుడు నేను బిర్సానగర్‌లో మూడో అంతస్తులో ఉంటున్నాను. మా కుక్క రాణి పోయిన నెల పోయింది. పాతిపెట్టడానికి పెరడు లేదు, ఎవరినో బతిమాలి, ఎవరి స్థలంలోనో పెట్టి వచ్చాము. అన్నం తినేటప్పుడు నా చెయ్యి ఇప్పటికీ తనంతట తానే ఒక ముద్ద బల్ల కిందికి చాపుతుంది. కింద ఎవరూ ఉండరు. ముద్దను వెనక్కి తీసుకుని తినడం చేతకావడం లేదు...

"పాపా, దూస్రా లే ఆయేఁ?" అంటూ, ఇంకోదాన్ని తెచ్చుకుందామా నాన్నా అని మా అమ్మాయి అడుగుతోంది. నా భార్య అడగదు. నా వంక చూస్తుంది. వద్దంటే ఇల్లు ఇలాగే ఉంటుంది. సరేనంటే మళ్ళీ ఒకనాడు... ఇంకొక గొయ్యి తవ్వే శక్తి నాలో లేదు, మిత్రులారా. నిజంగానే లేదు. ఒళ్ళో వేసేసి తేల్చేసే మనుషులు వెనుకటి రోజుల్లోనే ఉండిపోయారు.

మీ ఇళ్ళలో రెండో కుక్క ఎలా వచ్చిందో, లేదా ఎందుకు రాలేదో, దయచేసి కింద రాయండి. చదువుతాను. అయినా ఈ పూట అమ్మాయికి సరేనని చెప్పేశాను, ఒకే ఒక నిబంధన మీద. ఇకపై ఈ ఇంట్లో అడుగుపెట్టే ఏ కుక్కయినా ఇంటి యజమాని కన్నా ముందు చనిపోరాదు. దీనిపై ఎట్టి అభ్యర్థనలూ స్వీకరించబడవు. ఇదే అంతిమం.