ఉంగి వైపు సాలు

ఈ సాయంత్రం నిల్వపచ్చడికి పండుమిరపకాయల తొడిమలు తీస్తుంటే, మా పాప వాకిట్లో పడి మోకాలు దోక్కుపోయి, ఏడుస్తూ పరిగెత్తుకొచ్చి నా ఒళ్లో ముఖం పెట్టబోయింది. రెండు చేతులూ పైకెత్తి "ముట్టుకోకు!" అని అరిచాను. నాలుగేళ్లది, దెబ్బ సంగతి మరిచి నా అరుపుకే బిత్తరపోయింది. ఇప్పుడు నిద్రపోతోంది. రేపు కాలేజీలో చెప్పాల్సిన పుస్తకం తెరిచి కూర్చున్నాను. సబ్బుతో, మజ్జిగతో కడిగినా పోని ఘాటు వేళ్ల నుంచి వస్తూనే ఉంది.

అదొక చిన్న నవల. ఊరూరా తిరిగి పొలాల్లో కూలి చేసుకునే ఇద్దరు స్నేహితుల కథ. తొమ్మిదో తరగతిలో మాకు ఇంగ్లీషు ఉపవాచకం. చెప్పిన కరీం సారు ఖమ్మం నుంచి వచ్చి బడి పక్కనే కిరాయికి ఉండేవారు. అత్తరు, సుద్దపొడి కలిసిన వాసన వేసే లాల్చీతో, కుర్చీ వదిలి కిటికీ దిమ్మె మీద కూర్చుని, ఒక పేజీ ఇంగ్లీషులో చదివి, అదే పేజీని మా మాటల్లో చెప్పేవారు. "ముందు కథ ఇనున్రి. అర్థాలు తర్వాత రాసుకుందురు, జల్దీ ఏమున్నది?" అనేవారు.

మా చేను భద్రాచలం అడవి అంచున ఉండేది. మాఘమాసంలో మంచు విడిచి, మోదుగులు ఆకు రాల్చి ఎర్రగా పూసి, కల్లంలో ఆరబోసిన మిరపకాయల ఘాటుకు దారిన పోయే ఎద్దులు కూడా తుమ్మే రోజుల్లో, శివరాత్రికి అమ్మ ఉడికించే చిలగడదుంపల తీపి ఆవిరి ఇల్లంతా కమ్ముకుని ఉండగా, కొండల అవతలి నుంచి కూలీలు మేస్త్రి వెంట నడిచి వచ్చేవాళ్లు. నెత్తిన గిన్నెలు, చంకన పిల్లలు, సొరకాయ బుర్రల్లో జావ. గట్టు మీద తాటాకు గుడిసెలు వేసుకుని, కోత అయ్యాక మరో చేనుకు పోయేవాళ్లు. వాళ్లలో ఉంగి నా ఈడుది.

కోతలో సాలుకు, అంటే ఒక్కో చెట్ల వరసకు, ఇద్దరు జోడు. చెట్లకు ఇటొకరు, అటొకరు. ఎవరి వైపు కాయలు వాళ్లే తెంపాలి, సాలు చివర ఇద్దరూ ఒక్కసారే తేలాలి. జోడు మధ్యలో లేచిపోతే ఆ పూట ఆ సాలులోకి ఇంకెవరూ దిగరు. ఆదివారాలు నేను సరదాకి ఉంగికి జోడుగా దిగేదాన్ని.

"నువ్వు తెంపేది ఒకటి, తొక్కేది నాలుగు," అని వెక్కిరించేది ఉంగి. వచ్చీరాని తెలుగు, వెక్కిరింతకు మాత్రం తడుముకునేది కాదు. "ఊకె రాకు పదుమా. కథ చెప్పు, నీ వైపుయి కూడ నేనే తెంపుత." నా పేరు దాని నోట్లో అట్లా తిరిగేది.

అట్లా సారు వారమంతా చెప్పింది ఆదివారం నేను ఉంగికి చెప్పేదాన్ని. రాత్రి పొయ్యి దగ్గర అది తన భాషలో వాళ్లమ్మకు చెప్పేదట. ఆ ఇద్దరు కూలీలూ జావ తాగుతారా, వాళ్ల మేస్త్రి తిడతాడా అని వాళ్లమ్మ అడిగిందని మరుసటి వారం నన్నడిగేది.

చివరి అధ్యాయం చెప్పిన రోజు ఎండ బాగా ముదిరింది. సాలు సగంలో ఉన్నాం.

"రెండోడు యాడికి పోయిండు?"

"ఇగ రాడు, ఉంగీ. ఒక్కడే మిగిలిండు."

అది తెంపడం ఆపి నిలబడింది. చెంపల మీద నీళ్లు కారిపోతున్నాయి. నాకూ ఏడుపొచ్చింది. చెట్ల మీదుగా వంగి రెండు చేతులతో దాని కళ్లు తుడిచాను. పొద్దుటి నుంచి కాయలు తెంపిన చేతులతో.

ఉంగి పెట్టిన కేకకు చేనంతా లేచింది. వాళ్లమ్మ ఉరికొచ్చి దాని వీపు మీద రెండు చరిచింది.

"గా చేతులతో కండ్లు ముట్టొద్దని ఎన్నిసార్లు చెప్పాలె! ఎవరు రుద్దిన్రే?" అన్నాడు మేస్త్రి.

ఉంగి కళ్లు మూసుకునే, నేనున్న వైపు కొంచెం తిరిగి, "నేనే," అంది.

నేను నోరు తెరవలేదు. చెప్తే నాన్న మళ్లీ చేనుకు రానివ్వడని భయం. వాళ్లమ్మ నీళ్లు పోసి కడిగి, కొంగు ఉండచుట్టి, నోటి ఆవిరితో వెచ్చబెట్టి కళ్లకు అద్దుతూ గుడిసెలోకి తీసుకుపోయింది. మిగతా సగం సాలులో నా వైపు కాయలు నేనొక్కదాన్నే తెంపాను. నా వైపు కొమ్మలు పచ్చగా, దాని వైపు కొమ్మలు కాయలతో ఎర్రగా మిగిలాయి.

రేపు చెబుదాం అనుకున్నాను. సోమవారం కరీం సారు కథ మీద నాలుగు మాటలు రాయమన్నారు. స్నేహితుణ్ణి ఆపదలో విడిచిపెట్టకూడదని రాశాను. "శభాష్ బేటీ," అని సారు తరగతికంతా చదివి వినిపించారు. సాయంత్రం పుస్తకాల సంచితోనే చేనుకు పరిగెత్తాను. గట్టు మీద మూడు పొయ్యిరాళ్లు, మసి.

"వేరే చేనుకు పోయారమ్మా, పొద్దున్నే," అన్నాడు నాన్న.

"ఉంగి?"

"వాళ్లమ్మ చెయ్యి పట్టుకుని నడిపించింది."

మరుసటి ఏడు వేరే ముఠా వచ్చింది. ఇప్పుడు ఆ చేనూ లేదు. కాగితం మిల్లుకు కర్ర పోయే జామాయిల్ తోట. అందులో మిరప కోతా లేదు, జోడూ లేదు, గట్టు మీద గుడిసెలూ లేవు. కరీం సారు పోయారు. పుస్తకం మాత్రం మళ్లీ నా చేతికే వచ్చింది.

సాయంత్రం కొంగు ఉండచుట్టి, నోటి ఆవిరితో వెచ్చబెట్టి పాప కళ్లకు అద్దాను. "చేత్తో తుడవవేంటమ్మా?" అంది. కారం అని చెప్పాను. రేపు చివరి పేజీ చదివాక పిల్లలను నాలుగు మాటలు రాయమని అడగను. నేను రాయకుండా దాచుకున్నదే వాళ్లకు చెబుతాను. ఆపైన "ఆ పిల్లకేమైంది మేడమ్?" అని వాళ్లడుగుతారు. ఉంగి కళ్లు బాగయ్యాయో లేదో నాకు ఈ రోజుకీ తెలియదు.